ఇరవై బారలు, పదిహేను బారలు

బైబిల్లోని అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. పౌలు ఎక్కిన ఓడ తుఫానులో చిక్కుకుని పగిలిపోయే కథ అది. మన దగ్గర ప్రసంగాల్లో ఈ అధ్యాయం వచ్చినప్పుడల్లా ధైర్యం తెచ్చుకోండి అని పౌలు అన్న మాట దగ్గరే ఆగిపోతారు. మంచి మాటే, కాదనను. కానీ నాకు ఆ అధ్యాయంలో అన్నిటికన్నా దగ్గరగా అనిపించే మాట వేరే ఉంది. బార.

అర్ధరాత్రి నావికులు బుడుదు, అంటే లోతు కొలిచే గుండు కట్టిన తాడు, వేసి చూస్తే ఇరవై బారల లోతు వచ్చింది. ఇంకొంచెం దూరం పోయాక మళ్లీ వేస్తే పదిహేను బారలు వచ్చింది. 28వ వచనం. చాలామంది చదువుకుంటూ దాటిపోయే వచనం. నేను దాటలేను, ఎందుకంటే బార మా తాత మాట.

మా అమ్మ పుట్టిల్లు విశాఖలోని జాలారిపేట. తాత తెప్ప మీద వేటకెళ్లే మనిషి. నా చిన్నప్పుడు సాయంత్రాలు ఇంటి ముందు ఇసుకలో నిలబడి తాడు కొలుస్తూ ఉండేవాడు. రెండు చేతులూ పక్కలకి పూర్తిగా చాపితే ఈ చేతి వేళ్ల కొన నుంచి ఆ చేతి వేళ్ల కొన దాకా ఒక బార, దాదాపు ఆరడుగులు. ఒకటి అనేవాడు కాదు, "లాభం" అని మొదలుపెట్టి రెండు, మూడు అని లెక్కపెడుతూ, చాపిన చేతుల మధ్య నుంచి తాడు జారుతుంటే అయిదో బార దగ్గర ఒక ముడి, పదో బార దగ్గర రెండు ముడులు వేసేవాడు, చీకట్లో కంటికి కనపడకపోయినా వేళ్లకి తెలియాలని. చివర సీసం గుండు. ఆ గుండు అడుగున చిన్న గుంట ఉండేది, అందులో సబ్బు ముక్క గట్టిగా నొక్కేవాడు. సముద్రం అడుగుని తాకి పైకి వస్తే ఆ సబ్బుకి ఇసుక అంటుకుందా, బురద అంటుకుందా, ఏమీ అంటకుండా గీతలు మాత్రమే పడ్డాయా అని చూసుకుంటే కింద రాయి ఉందో లేదో తెలిసిపోతుంది. నేను ఆ సబ్బుని వేలితో తుడిచి వాసన చూసేదాన్ని. ఉప్పు, సబ్బు, కుళ్లిన నాచు కలిసిన ఆ వాసన ఇప్పటికీ గుర్తే.

తాత గంగమ్మకి మొక్కేవాడు, చివరిదాకా. అమ్మ పెళ్లయ్యాక బాప్తిస్మం తీసుకుంది. దాని మీద ఇంట్లో గొడవలేమీ లేవు, తాత అలాంటి మనిషి కాదు. ఆయనకి శుక్లాలు వచ్చి వేట మానేశాక నేను ఇంటర్ చదువుకునే రోజుల్లో పొద్దుగూకాక పక్కన కూర్చుని ఏదో ఒకటి చదివి వినిపించేదాన్ని. ఒకరోజు ఈ అధ్యాయం చదివాను. భక్తితో వినలేదు ఆయన, వేటగాడిలా విన్నాడు. ప్రతి వచనానికీ ఆపి, ఓడ ఎంతది, గాలి ఏ పక్క నుంచి, చిన్న పడవ లోపలికి లాగేరా లేదా అని అడుగుతూనే ఉన్నాడు. నావికులు ఓడ వెనక వైపు నుంచి నాలుగు లంగర్లు వేశారు అని చదవగానే లేచి కూర్చున్నాడు.

"ఎనక నుంచి ఏసేరా? అయితే తెలిసినోళ్లే."

నాకు అర్థం కాలేదు. లంగరు ఏ పక్క నుంచి వేస్తే ఏమిటి?

"ముందు నుంచి ఏస్తే ఓడ గాలికి తిరిగిపోద్ది గుంటా. ఎనక నుంచి ఏస్తే ముక్కు ఒడ్డుకేసే ఉంటది. తెల్లారగానే తాళ్లు కోసీసి నేరుగా ఒడ్డుకి ఎక్కించీడమే."

అధ్యాయం చివర్లో వాళ్లు అచ్చంగా అదే చేశారు. అప్పటికి నేను అంతదాకా చదవనే లేదు.

ఇంకోమాట కూడా అన్నాడు. ఇరవై నుంచి పదిహేనుకి వచ్చిందని విని, "అయిదు బారలు తగ్గిందంటే ఒడ్డు దగ్గరికొచ్చింది. రాయీ దగ్గరికొచ్చింది. రెండూ ఒకటే" అన్నాడు. ఈ మాట విలువ నాకు ఇరవై ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు, మా తమ్ముడి విషయంలో.

ముందు కథ సంగతి చెప్తాను, తెలియనివాళ్ల కోసం. పౌలు అప్పుడు ఖైదీ. కైసరు, అంటే రోమా చక్రవర్తి, ముందు విచారణకి రోమాకి తీసుకెళ్తున్నారు, యూలి అనే శతాధిపతి కాపలాలో. ఈ పుస్తకం రాసిన లూకా కూడా అదే ఓడలో ఉన్నాడు, అందుకే అధ్యాయమంతా మేము, మేము అని ఉంటుంది, చూసినవాడు రాసినట్టు. దారిలో మూర అనే ఊళ్లో అలెక్సంద్రియ ఓడ ఒకటి ఎక్కారు, గోధుమలు మోసే పెద్ద ఓడ. గాలి ఎదురుకొట్టి, రోజుల తరబడి నెమ్మదిగా నడిచి, క్రేతు ద్వీపంలో మంచిరేవులు అనే చోటికి చేరారు. అప్పటికే ఉపవాస దినం దాటిపోయింది అని రాశాడు లూకా. అది యూదుల ప్రాయశ్చిత్త దినం, సెప్టెంబరు, అక్టోబరు నెలల మధ్య వస్తుంది. ఆ రోజుల్లో ఆ సముద్రంలో చలికాలం ఓడలు కదిలేవి కావు, ఏదో ఒక రేవులో కట్టేసుకుని కూర్చోవాల్సిందే. అక్టోబరు సముద్రం గురించి విశాఖ వాళ్లకి వేరే చెప్పాలా? హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, ఆదివారం. ఆ రోజు గాలి ఒక పక్క నుంచి కొట్టి కొట్టి, మధ్యలో హఠాత్తుగా ఆగిపోయి, అయిపోయిందని మనుషులు బయటికొచ్చి చూస్తుండగా రెండో పక్క నుంచి మళ్లీ మొదలైంది. మా ఇంటి రేకులు ఎగిరింది ఆ రెండో గాలికే.

సరే, మంచిరేవుల దగ్గర పౌలు చెప్పాడు, ఇప్పుడు కదిలితే సరుకుకీ ఓడకీ మాత్రమే కాదు, ప్రాణాలకీ నష్టం అని. శతాధిపతి ఆ మాట వినలేదు, ఓడ నడిపేవాడినీ ఓడ యజమానినీ నమ్మాడు. యూలిని తప్పుపట్టడం చాలా తేలిక. కానీ ఆయన స్థానంలో మనమున్నా అంతే చేస్తాం. సముద్రం తెలిసిన వాడి మాట కాదని, డేరాలు కుట్టే వృత్తి నేర్చిన ఒక ఖైదీ మాట ఎవరు వింటారు? పైగా ఆ రేవు చలికాలం గడపడానికి పనికిరాదు, ఎక్కువమంది ఫీనిక్సు అనే ఇంకో రేవుకి పోదామన్నారు. నాకు భయం వేసే వచనం దీని తర్వాతది. దక్షిణపు గాలి మెల్లగా వీచింది, తాము అనుకున్నది కుదిరిందనుకుని లంగరెత్తారు.

ఆ మెల్లని గాలి మా ఇంట్లోకి 2018 డిసెంబరు 31 రాత్రి వచ్చింది.

ఆ రాత్రి ఆరాధనలో అందరం వాగ్దానం కార్డులు తీసుకున్నాం, ప్రతి ఏడాదీ తీసుకున్నట్టే. తమ్ముడికి వచ్చిన కార్డులో నీ ఎదుట తలుపు తీసి ఉంచాను అనే వచనం ఉంది. వాడు అప్పటికే ఓడ ఉద్యోగం కోసం ఒక ఏజెంటుతో మాట్లాడుతున్నాడు. విశాఖలో ఇది మామూలు విషయమే, ప్రతి వీధిలోనూ ఓడల మీద పనిచేసేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు, నెలకి డాలర్లలో జీతం, ఆరేడు నెలలకోసారి పెద్ద బ్యాగులతో ఇంటికి రావడం, చూసే పిల్లలకి ఆశ పుట్టకుండా ఎలా ఉంటుంది? తమ్ముడు ఓడ మీద పనికి కావలసిన సేఫ్టీ కోర్సు కూడా చేసి సర్టిఫికెట్లు తెచ్చుకున్నాడు. ఏజెంటు అడిగింది నాలుగున్నర లక్షలు. జనవరిలో లోను అడిగితే వారంలో వచ్చేసింది. మా ఆయన సంతకం పెట్టారు. పాస్‌పోర్టు అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. ప్రతిదీ కలిసొచ్చింది, కలిసొచ్చిన ప్రతిసారీ "చూశావా అక్కా, తలుపు తెరుచుకుంది" అనేవాడు. నేనూ అవునన్నాను. దేవుని చిత్తం కాకపోతే ఇన్ని ఎలా కుదురుతాయి అని నేనే ప్రార్థన కూటంలో సాక్ష్యం చెప్పాను కూడా.

అమ్మ ఒక్కతే వద్దంది. కారణం అడిగితే గట్టిగా చెప్పలేకపోయింది. ఆ మనిషి ఇంటికొచ్చి కూర్చున్నప్పుడు మంచినీళ్లు ఇస్తే నా కళ్లలోకి చూడలేదురా అంది, అంతే. ఎనిమిదో తరగతి చదివిన అమ్మ మాట ఎవరు వింటారు, అందరి దగ్గరా కాగితాలున్నాయి.

తమ్ముడిని వేరే దేశంలో ఒక రేవు పట్టణానికి పంపారు. అక్కడ ఓడ లేదు. ఒక గదిలో తొమ్మిదిమంది, ఓడ వస్తుంది వస్తుందని మూడు నెలలు. తర్వాత ఏజెంటు ఫోను ఎత్తడం మానేశాడు. 2019 నవంబరులో తిరుగు టికెట్టుకి డబ్బు మేమే పంపి రప్పించుకున్నాం. అమ్మ గాజులు అప్పుడే పోయాయి.

ఆ తర్వాత రోజుల్లో నేను ఈ అధ్యాయం మళ్లీ తెరిచాను. ఓదార్పు కోసం కాదు, నిజం చెప్పాలంటే కోపంతో. సాక్ష్యం చెప్పిన నోటితో ఇప్పుడు ఏం చెప్పాలో తెలియక. అప్పుడు నాకు కనపడింది, ఆ మెల్లని దక్షిణపు గాలిని దేవుడు పంపాడని లూకా ఎక్కడా రాయలేదు. గాలి వీచింది, వాళ్లు అనుకున్నారు, అంతే ఉంది అక్కడ. దేవుని పేరు వాళ్లూ పెట్టలేదు, మేము పెట్టాం. పరిస్థితులు అనుకూలంగా ఉండటాన్ని దేవుని మాట అనేసుకున్నాం, పైగా దానికి ఒక వచనం అతికించాం. ఆ వచనం తప్పు కాదు, మేము దాన్ని ఏజెంటు ఆఫీసు తలుపుకి తగిలించడం తప్పు.

కొద్ది సేపటికే ఊరకులోను అనే పెనుగాలి వచ్చింది. లూకా దాన్ని ఎంత వివరంగా రాశాడో చూడండి. చిన్న పడవని కష్టపడి పైకి లాగారు, ఓడ విడిపోకుండా చుట్టూ తాళ్లు బిగించారు, సరుకులు పారేశారు, మూడో రోజు ఓడ సామాను తమ చేతులతోనే సముద్రంలో పడేశారు. 1848లో జేమ్స్ స్మిత్ అని స్కాట్లాండ్ మనిషి ఒకాయన, స్వయంగా పడవలు నడిపినవాడు, ఈ అధ్యాయంలోని గాలులూ దూరాలూ లెక్కలేసి ఆ ఓడ రోజుకి ఎంత కొట్టుకుపోయి ఉంటుందో తేల్చి ఒక పుస్తకమే రాశాడు. లెక్క నావికులు బుడుదు వేసిన పద్నాలుగో రాత్రికి సరిపోయింది. మా తాత ఆ లెక్కలేమీ చూడకుండానే తెలిసినోళ్లే అన్నాడు.

చాలా రోజులు సూర్యుడు గానీ నక్షత్రాలు గానీ కనపడలేదు. ఇది చీకటి గురించి చెప్పిన మాట మాత్రమే అనుకునేదాన్ని. దిక్సూచి లేని రోజుల్లో నక్షత్రం లేదంటే తాము ఎక్కడున్నారో తెలియదని అర్థం. తాత వాళ్లకి కొండలే గుర్తులు. యారాడ కొండ ఇటు, సింహాచలం కొండ అటు, రెండూ ఎక్కడ కలిసినట్టు కనపడితే ఏ చోట ఉన్నారో చెప్పేవారు. మబ్బు పట్టి రెండు కొండలూ మూసుకుపోతే ఎంత అనుభవమున్నా ఒకటే. ఇక తప్పించుకుంటామనే ఆశ పూర్తిగా పోయింది అని రాశాడు లూకా. నాకు అందులో ధైర్యం దొరికింది. ఓడలో పౌలుతో పాటు విశ్వాసులు ఉన్నారు, లూకా ఉన్నాడు, అరిస్తార్కు ఉన్నాడు, అయినా ఆశ పోయిందని దాచుకోకుండా రాశాడు.

పౌలుకి దేవుని దూత మాట వచ్చింది అప్పుడు. అనుకూలమైన గాలి వీస్తున్నప్పుడు కాదు. ఆ మాటలో ఏముందో జాగ్రత్తగా చూస్తే చాలా తక్కువ ఉంది. నువ్వు కైసరు ముందు నిలబడాలి, నీతో ఉన్నవాళ్లందరినీ దేవుడు నీకు ఇచ్చాడు. ఓడ పోతుంది, ప్రాణాలు పోవు. మనం ఏదో ఒక ద్వీపం మీద పడాలి. ఏదో ఒక ద్వీపం! పేరు లేదు, ఏ దిక్కో లేదు, ఎన్ని రోజులో లేదు. ఒడ్డెక్కాక గానీ ఆ ద్వీపం మెలితే (ఇప్పటి మాల్టా) అని వాళ్లకి తెలియలేదు. దేవుడు చెప్పాలనుకుంటే పేరు చెప్పలేడా? చెప్పలేదు. చివర చెప్పాడు, దారి చెప్పలేదు. దేవుని నడిపింపు అంటే రోడ్డు మీద ఎడమకి తిరుగు, కుడికి తిరుగు అని ఫోను చెప్పినట్టు ఉంటుందని నేను అన్నాళ్లూ అనుకున్నాను, అలా చెప్పడం లేదంటే దేవుడు నాతో మాట్లాడటం లేదని బాధపడ్డాను.

పౌలు ఆ మాట చెప్పేముందు ఒక వాక్యం అంటాడు, నా మాట విని క్రేతు నుంచి కదలకుండా ఉండాల్సింది అని. ఈ వాక్యం నాకు ఎప్పుడూ నచ్చేది కాదు. చచ్చిపోతున్నవాళ్లతో నేను ముందే చెప్పాను అనడం ఏమిటి, అనిపించేది. అమ్మ అదే పని చేసేదాకా.

తమ్ముడు ఇంటికొచ్చాక మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. లేపితే లేవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. నేనూ మా ఆయనా పక్క గదిలో గుసగుసగా మాట్లాడుకునేవాళ్లం, వాడేం చేసుకుంటాడో అని భయం. మూడో రోజు రాత్రి అమ్మ కంచంలో అన్నం, పప్పుచారు, వేయించిన ఎండు నెత్తళ్లు పెట్టుకుని వాడి మంచం పక్కన నేల మీద కూర్చుంది. "నా మాట వింటే బాగుండేదిరా" అంది. నాకు గుండె ఆగింది, ఇప్పుడు ఎందుకు ఆ మాట అని. వెంటనే, అదే గొంతుతో, "సరే, పోయింది పోయింది. లేచి తిను" అంది. నెత్తడి తల తుంచి పక్కన పెట్టి, ముద్ద కలిపి, చేయి చాపి అలాగే పట్టుకుని కూర్చుంది. ఎంతసేపో నాకు తెలీదు. చారు ఆమె మణికట్టు దాకా కారింది, తుడుచుకోలేదు. వాడు లేచాడు.

ఆ ఒక్క వాక్యం అనకపోయి ఉంటే వాడు లేచేవాడు కాదని ఇప్పుడు నా నమ్మకం. అందరూ ఏమీ జరగనట్టు మెత్తగా మాట్లాడుతుంటే వాడికి ఊపిరాడలేదు. అమ్మ ఉన్నమాట ఒకసారి అనేసింది, మళ్లీ ఎత్తలేదు. పౌలు కూడా అంతే, ఒకసారి అన్నాడు, అయిపోయింది. తెల్లవారే ముందు పద్నాలుగు రోజులుగా తిండి లేనివాళ్లని తినండి అని బతిమాలి, తనే రొట్టె పట్టుకుని అందరి ముందూ దేవునికి కృతజ్ఞత చెప్పి, విరిచి తిన్నాడు. అప్పుడు వాళ్లూ తిన్నారు. ఓడలో మొత్తం రెండువందల డెబ్బై ఆరుగురు అని లూకా లెక్క రాసింది సరిగ్గా అక్కడే, అన్నం దగ్గర.

ఇప్పుడు మళ్లీ ఆ తాడు దగ్గరికి వస్తాను. ఎవరి ప్రాణమూ పోదని దేవుని దూత చెప్పాడు, పౌలు అందరికీ చెప్పాడు, నేను దేవుణ్ణి నమ్ముతున్నాను అని కూడా అన్నాడు. ఆ తర్వాతే నావికులు బుడుదు వేశారు. పౌలు వాళ్లని ఆపలేదు. దేవుడు మాట ఇచ్చాక ఇంకా లోతు కొలుస్తారేంటి, మీకు విశ్వాసం లేదా అనలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు కొలిచారు. రాళ్లకి కొట్టుకుంటామని భయపడి నాలుగు లంగర్లు వేసి, ఎప్పుడు తెల్లారుతుందా అని ఎదురుచూశారు. వాగ్దానం ఉంది, భయమూ ఉంది, చేతిలో తాడూ ఉంది.

ఇది ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, మేము ఏజెంటు మీద పోలీసు కంప్లైంట్ ఇస్తామన్నప్పుడు మాకు కావలసినవాళ్లే ఒకరు, దేవునికి వదిలేయండి, స్టేషన్ల చుట్టూ తిరగడం అవిశ్వాసం అన్నారు. ఆయన మంచి మనిషే, మా కోసం ఉపవాసం ఉండి ప్రార్థన చేసినవారే. అయినా ఆ మాట తప్పు. ఆ మాట విని మేము రెండు నెలలు పోగొట్టుకున్నాం. ప్రార్థన చేసినవాడు తాడు వేయకూడదని ఈ అధ్యాయంలో ఎక్కడుంది? చివరికి కంప్లైంట్ ఇచ్చాం, రసీదులన్నీ వరసగా పెట్టి ఇచ్చాం, అది ఇంకా నడుస్తూనే ఉంది. డబ్బు రాలేదు. ఓడ పోయింది, పోతుందని ముందే చెప్పాడు కదా.

ఇంకో సంగతి. నావికులు కొందరు ముందువైపు లంగర్లు వేస్తున్నట్టు నటిస్తూ చిన్న పడవ దింపి పారిపోబోయారు. పౌలు శతాధిపతితో, వీళ్లు ఓడలో ఉంటే తప్ప మీరు తప్పించుకోలేరు అన్నాడు. దేవుడు మాట ఇచ్చేశాడు కదా, ఎవరు పోతే ఏం? లేదు, ఓడ నడపడం తెలిసిన ఆ చేతులు కూడా కావాలి. ఈసారి యూలి విన్నాడు, సైనికులు పడవ తాళ్లు కోసేశారు. మా తమ్ముడు ఒకరోజు తెల్లవారుజామున బ్యాగు సర్దుకుని హైదరాబాదు బస్సు ఎక్కడానికి సిద్ధమయ్యాడు, అప్పులవాళ్లకి మొహం చూపించలేక. అమ్మ అరవలేదు. అప్పు కట్టేవాడు ఇంట్లో ఉంటేనే కదరా కట్టేది అని బ్యాగు విప్పి, బట్టలు తీగ మీద ఆరేసింది, ఉతికిన బట్టలే మళ్లీ. వాడు ఉండిపోయాడు.

2020 అక్టోబరులో, వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గర ఒడ్డుకెక్కింది, మీలో చాలామంది వెళ్లి చూసే ఉంటారు. సిబ్బంది అంతా క్షేమంగా బయటపడ్డారు. కరోనా రోజులైనా జనం ఆగలేదు, మాస్కులు కట్టుకుని గోడ మీద వరసగా నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నేనూ తమ్ముడూ వెళ్లాం. అంత పెద్ద ఓడ ఒంటరిగా అలా ఒడ్డున ఇరుక్కుని ఉంటే, అలలు వచ్చి దాని పక్కల మీద కొట్టి వెనక్కి పోతుంటే, వాడు చాలాసేపు చూస్తూ ఉండి, లంగరు ఆగలేదంట అక్కా అన్నాడు. తర్వాత నేను అడగకుండానే ఆ గది గురించి చెప్పడం మొదలుపెట్టాడు. తొమ్మిదిమందికి ఒక బాత్రూమ్, వంతులవారీగా నిద్ర, కిటికీలోంచి కనపడే రేవు, రోజూ పొద్దున్నే వచ్చిన ఓడల పేర్లు చదువుకుని ఇదేనేమో ఇదేనేమో అనుకోవడం. ఏడాది పాటు నోరు విప్పనివాడు ఆ గోడ దగ్గర గంటన్నర మాట్లాడాడు. మొక్కజొన్న పొత్తులు అమ్మే ఆమె మా పక్కనే నిప్పులు విసురుకుంటూ అంతా వింది, చివర్లో రెండు పొత్తులు ఇచ్చి ఒకదానికే డబ్బు తీసుకుంది.

మెలితేలో ఒడ్డు చేరినప్పుడు ఈత వచ్చినవాళ్లు ముందు దూకారు, మిగతావాళ్లు పలకల మీదా, ఓడ ముక్కల మీదా. ముందుకి తీసుకుపోవాల్సిన ఓడ పగిలిపోయింది, ఆ పగిలిన చెక్కలే మనుషుల్ని ఒడ్డుకి మోశాయి. తమ్ముడు అప్పట్లో చేసిన సేఫ్టీ కోర్సు సర్టిఫికెట్లు ఆ కవర్లో అలాగే ఉండిపోయాయి, చూస్తేనే వాడికి కోపం వచ్చేది. 2021లో వాటిని చూపించే పోర్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర లాంచీ మీద పని దొరికింది. పెద్ద ఓడల దగ్గరికి మనుషుల్నీ సామాన్నీ చేరవేసే లాంచీ. జీతం ఎక్కువేం కాదు. రోజూ సముద్రం మీదకి వెళ్లి రోజూ ఇంటికి వస్తాడు. అప్పు ఇంకా లక్షా పదివేలు ఉంది.

పోయిన ఆదివారం సండే స్కూల్లో ఈ పాఠం నేనే చెప్పాను. జాలారిపేట ఇంటి అటక మీద గోనెసంచిలో తాత తాడు దొరికితే తీసుకెళ్లాను. సీసం గుండు ఎప్పుడో పోయింది, తాడు మాత్రం ఉంది, ముడులు కొన్ని ఊడిపోయాయి. తాత ఎప్పుడూ ఇరవై బారల తాడు అనేవాడు. ఓడలో వాళ్లు మొదట కొలిచిన లోతు ఇదే అని చెప్పి, పిల్లల్ని వరండాలో నిలబెట్టి చేతులు చాపి కొలవమన్నాను. వాళ్ల చేతులు చిన్నవి కదా, ఒక పిల్ల ముప్పై ఒకటి అంది, ఇంకొకడు మధ్యలో లెక్క తప్పి మళ్లీ గేటు దగ్గర నుంచి మొదలుపెట్టాడు, అందరూ అరుపులు. తమ్ముడు నన్ను తీసుకెళ్లడానికి బండి మీద వచ్చి గేటు దగ్గర ఆగాడు. పిల్లలు వాడి చేతిలో పెట్టారు. వాడు చెప్పులు పక్కన విప్పి, నిలబడి, చేతులు చాపి, లాభం అని మొదలుపెట్టాడు. నేను నేర్పలేదు వాడికి. ఇరవై అయ్యాక ఇంకా ఒక మూర తాడు మిగిలింది.

తాత చేతులు పొడుగు.